ఏడో ఇన్నింగ్స్‌లో కౌగిలింత

ఆ పొద్దున వెండెల్ క్రౌజ్ నోటినుంచి వచ్చింది ఒక్కటే మాట. “ఇచ్చెయ్.”

అంతకుముందు రోజంతా దానికి పూర్తిగా ఎదురు మాటలే కూడబెట్టుకున్నాడు. కారు నడుపుతూ వాదించాడు, గడ్డం గీసుకుంటూ అద్దంలో తన మొహానికే వినిపించాడు. తీరా ఆ గదిలోకి వెళ్ళి కూర్చున్నాక, ఎదురుగా ఇంగ్రిడ్ సోల్‌బర్గ్ కాఫీ పోయడం పూర్తవకముందే ఆ వాదనలన్నీ ఎటు పోయాయో పోయాయి, ఈ ఒక్క మాటా బయటపడింది. అంత తొందరగా ఎలా అన్నానన్నది అతనికి అప్పుడూ తెలియదు, తర్వాతా తెలియలేదు.

ఇచ్చెయ్యమన్నది రస్ టాలివర్‌ని. ఒమాహా డ్రోవర్స్ బేస్‌బాల్ జట్టులో బంతి విసిరే పిచ్చర్లందరిలోకీ మేటి రస్. నిజం చెప్పాలంటే ఆ జట్టులో చెప్పుకోదగ్గవాడు అతనొక్కడే. అయిదు రోజులకోసారి బంతి విసరడం అతని వంతు. ఆ రోజు డ్రోవర్స్ గెలుస్తారు, మిగతా రోజుల్లో ఊరు తల పట్టుకుంటుంది. మూడేళ్ళుగా ఇదే వరస. జట్టును మళ్ళీ పునాదులనుంచి కడుతున్నామని పైవాళ్ళు అంటారు. పునర్నిర్మాణమట. వరసగా ఓడిపోవడానికి ఇంతకంటే మర్యాదైన పేరు ఎవరికీ దొరకలేదు.

రస్‌ని అమ్మాలా వద్దా అని ఆ వేసవంతా ఊళ్ళో అదే గొడవ. రేడియోలో అదే, మంగలి కొట్లో అదే. ఈ జట్టు బాగుపడేసరికి వాడి చెయ్యి ముసలిదైపోతుంది, ఇప్పుడే పంపేసి నాలుగు లేత మొక్కలు తెచ్చుకోండని సగం మంది అన్నారు. ఉన్న ఒక్కణ్ణీ పంపేస్తే మేం టికెట్ కొనుక్కుని వచ్చి ఎవరి మొహం చూడాలని మిగతా సగం అడిగారు. రెండూ నిజమే. అందుకే ఎవరూ ఎవరికీ తగ్గలేదు.

ఇంగ్రిడ్ జనరల్ మేనేజర్. ఆటగాళ్ళను తెచ్చేదీ పంపేదీ ఆవిడే. వెండెల్ మేనేజర్, మైదానం అంచున ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లో ఉండి ఆట నడిపించేవాడు. కుర్రాళ్ళు అతన్ని స్కిప్ అని పిలుస్తారు. ఆ రోజు జూలై నెల ఆఖరు. సాయంత్రం అయిదు దాటితే ఆ ఏడాదికి జట్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు బంద్. పోర్ట్‌లాండ్ వాళ్ళకు ఈ ఏడే కప్పు కొట్టాలని ఉంది, వాళ్ళకో మంచి పిచ్చర్ కరువయ్యాడు. రస్‌ని ఇస్తే తమ దగ్గర పెరుగుతున్న కుర్రాళ్ళలో ముగ్గుర్ని ఇస్తామన్నారు. ఆ ముగ్గురూ ఎలాంటివాళ్ళంటే, వాళ్ళ ఆట చూసిన రోజు వెండెల్‌కి భోజనం సయించలేదు, అంత ఆశ పుట్టింది.

“నువ్వు వద్దంటే మానేస్తాను వెండెల్,” అంది ఇంగ్రిడ్. “వాడి పక్కన కూర్చోవాల్సినవాడివి నువ్వు, నేను కాదు.” ఆ తర్వాత కాఫీ కప్పులోకి చూస్తూ ఇంకో మాట అంది. “ఈ ముగ్గుర్నీ చేతిలో పెట్టుకుని పెంచేది నువ్వేనని నా ఉద్దేశం. వచ్చే ఏడూ, ఆ పై ఏడూ.”

వెండెల్ ఉద్యోగం ఆ శరదృతువుతో ముగుస్తుంది. అరవై దాటాయి. ఇక్కడ పొమ్మంటే ఇంకెవరూ రమ్మనరు. పునాదులు తవ్వించిన మేస్త్రీని గోడలు లేచే వేళకు పంపించేయడం ఈ ఆటలో ఆనవాయితీ, అది అతనికి బాగా తెలుసు. ఆవిడ ఎర వేసిందని కూడా తెలుసు. తెలిసే మింగాడు.

ఇంతాచేసి ఆ మాట తప్పేమీ కాదు. జట్టు కోణంలో చూస్తే అది ఒప్పే. కానీ రస్‌కి అతను ఇచ్చిన మాట ఇంకోటి ఉంది.

కిందటికి ముందు శీతాకాలం రస్ ఒప్పందం అయిపోయింది, ఎటైనా పోవచ్చు. వెండెల్ మంచులో కారు తోలుకుంటూ కాన్సస్‌లో వాళ్ళ ఊరికి వెళ్ళాడు. రస్ భార్య జోలీన్ చిలీ అనే కారం మాంసం కూర వండి, పక్కన దాల్చినచెక్క రొట్టె పెట్టింది. ఆ రెండూ కలిపి తినడం ఆ ప్రాంతపు అలవాటు, వీళ్ళు మనవాళ్ళేనని వెండెల్ ప్రాణం కుదుటపడింది. ఉండిపో, ఇద్దరం కలిసి కడదాం అన్నాడు. రస్ ఒక్కటే కోరాడు. అంతకుముందు జట్టు తనని అమ్మేసినప్పుడు ఆ సంగతి తనకు చెప్పింది పెట్రోలు బంకులో పక్క కారువాడట. కొత్త ఊరికి వెళ్తున్నావట కదా, మంచిదని అభినందించాడట. అప్పుడు తను నిలబడ్డ తీరు, చేతిలో పైపు, అవన్నీ రస్ నవ్వుతూనే చెప్పాడు గాని జోలీన్ మాత్రం నవ్వలేదు.

“అలాంటిదేదైనా వస్తే ముందు నా నోటినుంచే వింటావు,” అన్నాడు వెండెల్. “నీకు చెప్పాకే ఎవరికైనా. ఇది నా మాట.”

రస్ రెండేళ్ళకు సంతకం పెట్టాడు. ఇంకా ఎక్కువ ఇస్తామన్నవాళ్ళను కాదని పెట్టాడు.

ఆట ఒంటిగంటకు మొదలు, ఆ రోజు విసిరే వంతు రస్‌దే. పోర్ట్‌లాండ్‌నుంచి వచ్చిన మనిషి ముందు వరసలో కూర్చుని బంతి వేగం కొలుచుకుంటున్నాడు. ఆఖరి మాట చెప్పేముందు వాళ్ళు రస్‌ని ఒక్కసారి కళ్ళారా చూడాలన్నారు. ఇంకా ఏదీ ఖాయం కాలేదు, అయ్యేదాకా వాడికి చెప్పొద్దని ఇంగ్రిడ్ హెచ్చరించింది. వెండెల్ ఆ హెచ్చరికను గట్టిగా పట్టుకున్నాడు. ఖాయం కానిదాన్ని చెప్పి కుర్రాడి మనసు పాడు చెయ్యడం ఎందుకని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. మనిషి తన పిరికితనానికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఎప్పుడూ ఎదుటివాడి మంచే దొరుకుతుంది.

ఆ రోజు రస్ చేతిలో ఏముందో ఏమో, తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో నాలుగోది అయ్యేసరికి అవతలి జట్టుకి ఒక్క హిట్ లేదు, బంతిని కొట్టి మొదటి బేస్‌కైనా చేరినవాడు లేడు. బ్యాట్లు గాలిని కొడుతున్నాయి. బంతి ఎటు వంగుతుందో బ్యాటర్ వెనక దాన్ని పట్టే క్యాచర్ హెక్టర్ మదేరాకే అంతుపట్టడం లేదు. ఆఖరిదాకా అలాగే సాగితే దాన్ని నో-హిట్టర్ అంటారు. చాలామంది గొప్ప పిచ్చర్లు అది లేకుండానే రిటైరైపోతారు.

అలాంటి ఆట నడుస్తున్నప్పుడు డగౌట్‌లో ఒక కట్టుబాటు ఉంది. ఆ పిచ్చర్‌తో ఎవరూ మాట్లాడరు. అతని పక్కన కూర్చోరు, కళ్ళలోకి చూడరు, ఆ మాట పైకి అనరు. అంటే దిష్టి తగులుతుంది. చదువుకున్నవాడూ చదువుకోనివాడూ, దేవుణ్ణి నమ్మేవాడూ నమ్మనివాడూ ఈ ఒక్క విషయంలో అందరూ ఒకటే. రస్ బెంచీకి ఆ చివర ఒంటరిగా, చెయ్యి మీద తువాలు కప్పుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ళంతా ఈ చివర ఒకరి మీద ఒకరు ఇరుక్కుని కూర్చున్నారు.

అప్పుడే ఇంగ్రిడ్ పంపిన మనిషి వచ్చి వెండెల్ చెవిలో చెప్పి వెళ్ళాడు. పోర్ట్‌లాండ్ వాళ్ళు దాదాపు ఒప్పుకున్నట్టే, ఇక లెక్కలు తేలాలంతే.

వెండెల్ లేచాడు. ఇప్పుడే చెప్పాలి, తర్వాత చెప్పలేననుకున్నాడు. బెంచీ పొడవునా రెండు అడుగులు వేశాడో లేదో, హెక్టర్ కాలు అడ్డం పెట్టాడు.

“ఎక్కడికి స్కిప్?” అన్నాడు పళ్ళ మధ్యనుంచి. “నీకేమైనా మతి పోయిందా? ఇటు వచ్చి కూర్చో.”

ఆ అలికిడికి రస్ తల తిప్పాడు. వెండెల్ తన వైపే వస్తున్నాడని చూసి కళ్ళు పెద్దవి చేసి, పెదాల మీద వేలు పెట్టి, నవ్వు ఆపుకుంటూ మొహం అటు తిప్పేసుకున్నాడు. ముసలాడు ఉండబట్టలేక వచ్చేస్తున్నాడని అతనికి ముచ్చటేసింది.

వెండెల్ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కూర్చోగానే ఒంట్లోంచి బరువు దిగిపోయినట్టు హాయిగా అనిపించింది. నేను చెప్పబోయాను, వాళ్ళే చెప్పనివ్వలేదు. ఆ హాయిని అతను గుర్తుపట్టాడు. గుర్తుపట్టి తనను తాను అసహ్యించుకున్నాడు, అయినా లేవలేదు. అందరి మౌనం వాడికి దిష్టి తగలకుండా, తన మౌనం మాత్రం తనకు తగలకుండా. బయటనుంచి చూసేవాడికి రెండూ ఒక్కలాగే ఉంటాయి.

ఆరో ఇన్నింగ్స్ ముగిసింది. ఇంకా హిట్ లేదు. డ్రోవర్స్ బ్యాటింగ్ చేస్తుండగా డగౌట్ వెనక సందులోకి ఇంగ్రిడ్ స్వయంగా వచ్చింది. ఎప్పుడూ రాదు. వెండెల్ వెళ్ళి నిలబడ్డాడు.

“అయిపోయింది,” అంది. “కాగితాలు చేతులు మారడమే తరువాయి. వాణ్ణి తీసెయ్.”

“ఒక్క హిట్ ఇవ్వలేదు ఇంగ్రిడ్.”

“నేనూ చూస్తూనే ఉన్నాగా. వాళ్ళ యజమాని టీవీ ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఇంకో బంతికి ఆ మోచెయ్యి పట్టేసిందనుకో, మనకు ముగ్గురూ లేరు, వాడికి చెయ్యీ లేదు.” కాస్త ఆగి, గొంతు తగ్గించింది. “డగౌట్‌లో నేను నీకు ఆర్డర్ వెయ్యలేను. ఎవరు విసరాలో నీ ఇష్టం.”

ఆర్డర్ వేసినా బాగుండేది. వెండెల్ సరేనని తల ఊపి డగౌట్‌లోకి వచ్చాడు. అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. బెంచీ చివర, నీడలో, పక్కన కూర్చుని, నాలుగు ముక్కలు. కుర్రాడికి మొహం కడుక్కుని తనను తాను సర్దుకునే వ్యవధి దొరికేది. కానీ వెండెల్ నీళ్ళు నములుతూ నిలబడ్డాడు. ఈలోగా డ్రోవర్స్ బ్యాటింగ్ అయిపోయింది, రస్ తువాలు పక్కన పడేసి టోపీ పెట్టుకుని ఏడో ఇన్నింగ్స్ విసరడానికి వెళ్ళిపోయాడు. స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది.

మొదటి బ్యాటర్ మూడు బంతులకు వెనుదిరిగాడు. రెండోవాడు బ్యాట్ పట్టుకుని వస్తుంటే, సందు మొదట్లో ఇంగ్రిడ్ మనిషి మళ్ళీ కనపడ్డాడు. ఊరికే నిలబడ్డాడు. వెండెల్‌కి ఇక దాక్కునే చోటు లేకపోయింది. మెట్లెక్కి మైదానంలోకి నడిచాడు.

జనానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచిన అరుపుకి పిట్టలు లేచిపోయాయి. ముసలి వెధవా అన్నారు, దొంగా అన్నారు, ఇంటికి పోయి నిద్రపొమ్మన్నారు. జీవితమంతా ఈ ఆటలో బతికినవాడు, తిట్లు అతనికి కొత్త కాదు. కానీ ఆ పూట తిట్లు అతనికి తియ్యగా ఉన్నాయి. అవి తగలాల్సినవాడికే తగులుతున్నాయి, కారణమే వాళ్ళకు తెలియదు.

మైదానం నడుమ మట్టి దిబ్బ మీద రస్ నిలబడి ఉన్నాడు. హెక్టర్ కూడా వచ్చాడు. కెమెరాలు పెదాలు చదవకుండా రస్ చేతి తొడుగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏంటి స్కిప్? చెయ్యి బ్రహ్మాండంగా ఉంది.”

ఇప్పుడైనా చెప్పొచ్చు. ఎదురుగా ఉన్నాడు, వింటున్నాడు. వెండెల్ నోరు తెరిచాడు.

“బంతులెక్కువైపోయాయి రా.”

“నాకా?” రస్ హెక్టర్ వైపు చూశాడు. హెక్టర్ నేల చూశాడు. “పోయినసారి ఇంతకంటే ఎక్కువే వేశాగా.”

“చెయ్యి జాగ్రత్త. ముందింకా చాలా ఉంది నీకు.”

ఇంకెవరైనా అయితే గొడవ పెట్టుకునేవాళ్ళు. బంతి ఇవ్వనని వెనక్కి దాచుకునేవాళ్ళు, తొడుగు నేలకేసి కొట్టేవాళ్ళు. ఒకసారి దిగిపోతే ఆ రోజు మళ్ళీ విసరనివ్వరు, ఇలాంటి ఆటను ఎవడు మధ్యలో వదులుకుంటాడు? రస్ కొంచెంసేపు వెండెల్ మొహంలోకి చూశాడు. అక్కడ తనకు తెలియని కారణమేదో ఉందని, అది తన మంచికేనని నమ్మేశాడు.

“సరే. నువ్వు చెప్పావుగా,” అని బంతి అతని అరచేతిలో పెట్టాడు.

పిచ్చర్‌ని తీసేటప్పుడు మేనేజర్ చేసేది ఏముంది, బంతి తీసుకుని వీపు మీద ఒక చరుపు చరిచి పంపిస్తాడు. ముప్పై ఏళ్ళుగా వెండెల్ చేసింది అంతే. చెయ్యి ఆ చరుపు కోసమే లేచింది కూడా. కానీ ఎదురుగా ఆ మొహం ఉంది. ఎండకు కందిపోయి, చెమటకు మట్టి అంటుకుని, రవ్వంత అనుమానం లేకుండా తన వైపే చూస్తున్న మొహం. వెండెల్ ఆ కుర్రాణ్ణి దగ్గరికి లాక్కుని రెండు చేతులా గట్టిగా వాటేసుకున్నాడు.

అంతే, అరుపులు ఆగిపోయాయి.

జూలై ఆఖర్న, ఆట మధ్యలో, ఒక ఆటగాణ్ణి పక్కకు పిలిచి కౌగిలించుకున్నారంటే దానికి ఒక్కటే అర్థం. ఆ ఊళ్ళో పిల్లాపాపా అందరికీ తెలుసు. అతన్ని అమ్మేశారు. వెండెల్ చేసిన ఆ పొరపాటుతో వార్త మైదానమంతా ఒకేసారి తెలిసిపోయింది. టీవీలో, రేడియోలో, బీరు అమ్మేవాడికి, టికెట్లు చించేవాడికి, మూడో వరసలో కూర్చున్న జోలీన్‌కి. ఒక్క రస్‌కి తప్ప. అతని గడ్డం వెండెల్ భుజం మీద ఉంది, ఎదురుగా జనం కనపడుతున్నారు. వరస వెనక వరస, టోపీలు తీసి చేత్తో పట్టుకుని లేస్తున్నారు.

“స్కిప్,” అన్నాడు చెవిలో, “వీళ్ళందరూ ఎందుకు లేచి నిలబడుతున్నారు?”

వెండెల్ చేతులు విడవలేదు. తన చేతుల మధ్య రస్ వీపు బిగుసుకుపోవడం, తర్వాత మెల్లగా వదులైపోవడం అతనికి తెలిసింది. అప్పుడు అర్థమైంది కుర్రాడికి. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

రస్ విడిపించుకుని, టోపీ తీసి నాలుగు దిక్కులా చూపించి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. డగౌట్‌లో ఒక్కొక్కడూ వచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు. హెక్టర్ ముసుగు తీయలేదు, ఏడుస్తున్నాడని అందరికీ తెలిసినా. కొత్తగా వచ్చిన పిచ్చర్ రెండో బంతికే హిట్ ఇచ్చాడు. ఆటా పోయింది. దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

అయిదు గంటలు దాటాక వెండెల్ స్నానం చెయ్యకుండా, బట్టలు మార్చుకోకుండా తన గదిలో కూర్చుని ఉన్నాడు. ఇంగ్రిడ్ వచ్చి తలుపు మూసింది. ఆవిడ మొహంలో నెత్తురు లేదు. పోర్ట్‌లాండ్ వాళ్ళు ఆఖరి క్షణంలో వెనక్కి తగ్గారు. ఇంకో జట్టు ఇంకో పిచ్చర్‌ని ఒక్క కుర్రాడికే ఇస్తానందట, అటు పోయారు. అప్పటికే గడువు దాటిపోయింది. రస్ ఎక్కడికీ వెళ్ళడం లేదు.

ఎవడి కోసం తీశాడు? ఏం వచ్చింది? ఆ కుర్రాడి చేతిలోంచి జీవితంలో ఒక్కసారి వచ్చే ఆటను ఊరికే లాక్కున్నాడు.

ఇంగ్రిడ్ కుర్చీ అంచున కూర్చుంది. జరిగింది ఘోరమే గాని, ఇందులో ఒక మంచి ఉందని చెప్పుకొచ్చింది. బయట విలేకర్లు రస్‌ని చుట్టుముట్టారు. మేనేజర్ మీద కోపం లేదా అని అడిగారు. మీరందరూ చూశారుగా, అలా వాటేసుకున్న మనిషి నన్ను పంపమని అంటాడా, ఆయన నాకోసం పైవాళ్ళతో కొట్లాడి ఉంటాడని చెప్పాడట.

“అలాగే అనుకోనీ వెండెల్. పొద్దున మాట మనిద్దరి మధ్యదే. వాడు ఇక్కడే ఉండిపోతే నువ్వూ ఉంటావు.” ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత తలుపు తట్టింది రస్. తల తడిగా ఉంది, భుజాన సంచి. పోర్ట్‌లాండ్ వెళ్ళడానికి సర్దుకున్న సంచే అది, ఇంకా విప్పలేదు. జోలీన్ కారులో ఉందని చెప్పి, ఎదురుగా కుర్చీ లాక్కుని తిరగేసి కూర్చున్నాడు.

“నీ మొహం చూస్తే అమ్ముడుపోయింది నువ్వనుకుంటారు,” అని నవ్వాడు.

వెండెల్ కూడా నవ్వబోయి ఊరుకున్నాడు.

రస్ తన మాట మొదలుపెట్టాడు. ఈ ఏడుతో ఒప్పందం ముగుస్తుంది కదా, శీతాకాలం పోర్ట్‌లాండ్ లాంటి గెలిచే జట్టుకి పోదామని జోలీన్, తనూ అనుకున్న మాట నిజమేనన్నాడు. తనకూ వయసు మీద పడుతోంది, ఒక్కసారైనా కప్పు ముట్టుకోవాలని ఉండదా? కానీ ఇవాళ దిబ్బ మీద జరిగింది చూశాక మనసు మారిపోయిందట. ఇన్నేళ్ళలో తన కోసం ఎవరూ అలా నిలబడలేదట.

“జోలీన్ కూడా అదే అంది. అంత ప్రేమ పెట్టుకున్న మనిషిని వదిలి ఎక్కడికి పోతాం అంది. రేపే ఏజెంట్‌కి చెప్తాను. ఇక్కడే ఉంటాను స్కిప్, చెయ్యి ఉన్నంతకాలం. నువ్వు మొదలుపెట్టింది కలిసే పూర్తి చేద్దాం.” ఆగి, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు. “గట్టిగానే కొట్లాడావా?”

ఒక్కసారి తల ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. ఉద్యోగం ఉంటుంది, జట్టు ఉంటుంది, ఈ కుర్రాడు ఉంటాడు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. వెండెల్ మెడ నిజంగానే కదలబోయింది. కానీ ఆ తల ఊపుకి రస్ ఇచ్చుకునేది మిగిలిన వయసంతా. ఎవరో పక్క కారువాడు ఏదో ఒకరోజు ఇది కూడా చెప్తాడు.

“లేదు,” అన్నాడు. “కొట్లాడలేదు.”

“పోనీలే, ఏదో ఒకటి చెప్పి చూసుంటావుగా.”

“పొద్దున ఇంగ్రిడ్ నన్నడిగింది. నేను వద్దంటే మానేస్తానంది. నేను ఇచ్చెయ్ అన్నాను.”

రస్ మొహంలో నవ్వు ఇంకా పోలేదు. అక్కడే ఉంది గాని, దాని అవసరం తీరిపోయింది. తుడిచెయ్యడం ఎవరో మర్చిపోయారంతే.

“ఎంతసేపు ఆలోచించావు?”

“ఆలోచించలేదు.”

బయట ఎవరో బట్టల బండి తోసుకుంటూ వెళ్ళారు. వెండెల్ ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఆ ముగ్గురు కుర్రాళ్ళ గురించి, తన ఉద్యోగం గురించి, బెంచీ దగ్గర చెప్పబోయి ఆగిపోయిన సంగతి. అవన్నీ నిజాలే. వాటిలో ఒక్కటీ ఈ గదిలో పైకి తీయదగ్గది కాదు.

“మరి నన్నెందుకు వాటేసుకున్నావు?” అన్నాడు రస్. కోపం లేదు గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

“నీ మొహం చూడలేక,” అన్నాడు వెండెల్. “వాటేసుకుంటే మొహం కనపడదు కదా.”

రస్ తల దించుకుని తన కుడిచేతిని చూసుకున్నాడు. మోచెయ్యి ఒకసారి మడిచాడు, చాపాడు. తర్వాత లేచి, కుర్చీని ఎత్తి ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే సరిగ్గా పెట్టి, సంచి భుజాన వేసుకున్నాడు.

“ఆదివారం నా వంతు వస్తుంది మిస్టర్ క్రౌజ్,” అన్నాడు. “బంతి నాకే ఇస్తారా, ఇంకెవరికైనా ఇస్తున్నారా? మీరు చెప్తే దాన్నిబట్టి చేతికి విశ్రాంతి ఇచ్చుకుంటాను.”

“నీకే,” అన్నాడు వెండెల్.

“థాంక్స్ అండీ,” అని రస్ తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.